తిప్ప మీద చెలమ

మా ఎదురింటివాళ్ళు మేడ మీద మేడ కడుతున్నారు. నెల్లూరులో ఇప్పుడు ఏ వీధికి వెళ్ళినా ఇదే తంతు. మొన్న ఒక లారీ వచ్చి పెన్న ఇసుకంతా మా గేటుకు అడ్డంగా కుమ్మరించి పోయింది. పోట్లాడే వయసూ ఓపికా రెండూ అయిపోయినందువల్ల ఊరుకున్నాను. మర్నాడు పొద్దున్నే పనివాళ్ళు దుమ్ము లేవకుండా ఆ కుప్ప మీద నాలుగు బిందెల నీళ్ళు చల్లారు. కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చున్న నాకు ఆ తడి ఇసుక వాసన వచ్చి తగిలింది. తొలకరి మట్టివాసన గురించి చెప్పుకోనివాళ్ళు లేరు. తడి ఇసుక వాసన గురించి చెప్పగా నేను వినలేదు. అది చల్లగా ఉంటుంది, నాలుక కొసన రుచిలాగా కూడా తెలుస్తుంది. అరవై ఏళ్ళ కిందట మా ఊళ్ళో పొద్దు పొడిచేది ఆ వాసనతోనే.

నేను పుట్టింది తిప్ప మీద. తిప్ప అంటే మా వైపు ఇసుకదిబ్బ. మాది ఊరికే దిబ్బ కాదు, సముద్రంలోకి చాపిన చెయ్యిలాగా పొడుగ్గా పడి ఉన్న నేల. తూర్పున సముద్రం, పడమట ఉప్పుటేరు, దక్షిణాన ఆ ఏరు పోయి సముద్రంలో కలిసే మొగ. ఉత్తరాన మాత్రం సన్నటి ఇసుక మెడ ఒకటి మమ్మల్ని దేశానికి కట్టి ఉంచేది. కార్తీకంలో వానలు పట్టాయంటే ఆ మెడ మునిగిపోయి మాది దీవి అయిపోయేది. అప్పుడు బయటి లోకంతో మాకున్న సంబంధమల్లా తెల్లవారుజామున పడమటి గాలి మీద తేలి వచ్చే బిట్రగుంట రైలింజను కూత ఒక్కటే. ఆ కూత విని మా అవ్వ, "దేశం లేసినాదిమే, మనం గూడా లేద్దాం" అనేది. దేశం అంటే ఆమెకు ఏటికి అవతల ఉన్నదంతా.

ఊరంటే తాటాకు గుడిసెలు, వాటి మధ్య వలలు ఆరేసుకునే బయలు, ఎండుచేపల పందిళ్ళు. చుట్టూ తాటిచెట్లు, మొగలిపొదలు, దూరంగా సర్కారువాళ్ళు నాటించిన సరుగుడు తోపు. గాలి వీస్తే ఆ తోపు సముద్రం కంటే గట్టిగా మోగేది. ఊరికి ఉత్తరంగా ఇటుకలతో కట్టిన ఉప్పు కొటారు ఒకటి కప్పు కూలిపోయి నిలబడి ఉండేది. దొరల కాలంలో అక్కడ ఉప్పు నిలవ చేసేవాళ్ళట. ఏటి ఒడ్డున తెల్లగా పేరుకున్న ఉప్పును ఎవరైనా ఇంత గీక్కుని పోతే పట్టుకునేందుకు కర్ర పట్టుకుని బంట్రోతులు తిరిగేవాళ్ళట. మా నాయన, తన చిన్నప్పుడు పులుసులోకి ఉప్పు దొంగిలించి తెచ్చుకునేవాళ్ళమని చెప్పి నవ్వేవాడు. మా కాలానికి ఆ కొటారులో గబ్బిలాలు, మేకలు, దాగుడుమూతలాడే పిల్లలు తప్ప ఏమీ మిగల్లేదు.

ఊరు ఎట్లా పుట్టిందో అవ్వ చెప్పేది. మా పెద్దల పాత ఊరు మొగకు ఆనుకుని ఉండేదట. ఒక గాలివానలో అది గుడిసెలతో సహా కొట్టుకుపోతే, మిగిలినవాళ్ళు తిప్ప మీదికి పాక్కుంటూ వచ్చారు. ఎటు చూసినా ఉప్పునీళ్ళే. పిల్లలు నోళ్ళు తెరుచుకుని పడున్నారు. వాళ్ళతో వచ్చిన కుక్క ఒకటి రెండు దిబ్బల నడుమ పల్లంలో ముందుకాళ్ళతో ఇసుక తవ్వి, మూతి లోపల పెట్టి లపలపా నాకుతూ కనిపించింది. పోయి చూస్తే తీపి నీళ్ళు. ఊరు అక్కడే వెలిసింది. అందుకే గంగమ్మకు పొంగళ్ళు పెట్టిన రోజున మా ఊళ్ళో మొదటి ముద్ద కుక్కలకు పెట్టేవాళ్ళు. తాటిబెల్లం వేసిన ఆ పొంగలిని వేడివేడిగా ఆకులో పెట్టుకుని అవ్వ కుక్కల్ని పేరుపేరునా పిలిచేది. వాటి తరువాతే పిల్లలు, పిల్లల తరువాతే పెద్దలు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ఇది చూసి నోరు నొక్కుకునేవాళ్ళు.

ఆ నీళ్ళే మా చెలమలు. చెలమ అంటే ఇసుకలో తవ్వుకునే చిన్న నీటిగుంట. ప్రతి ఇంటికీ పల్లంలో ఒక చెలమ ఉండేది, ప్రతి చెలమకూ అవ్వ చెప్పే కట్టుబాటు ఉండేది. చేత్తోనే తవ్వాలి, పార తగలకూడదు. కూర్చుని చెయ్యి దించితే భుజం దాకా పోయేంత లోతే తవ్వాలి, అంతకు మించకూడదు. కొబ్బరిచిప్పతో తోడుకోవాలి, బొక్కెన దించకూడదు. కడవ నిండాక చెలమను తాటాకుతో కప్పి రావాలి. "మనం తాగేది వానదేవుడు దాచిపెట్టిన నీళ్ళుమే. దాని అడుగున ఉప్పునీళ్ళు పండుకోనుండాయి. లేపబాక" అనేది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి చేత మొదట చెలమే తవ్వించేవాళ్ళు. ఆ నీళ్ళను అత్త నాలుక మీద వేసుకుని, అంగిటికి తగిలించి, కళ్ళు మూసుకుని "తియ్యంగుండాయి" అన్నాకే పిల్ల గడప తొక్కేది.

పొద్దున్నే అవ్వ వెంట కడవ పట్టుకుని పోవడం నా పని. తాటాకు ఎత్తగానే లోపలి నుంచి ఆ చల్లటి వాసన ముఖాన కొట్టేది. అడుగున నీళ్ళు కొద్దికొద్దిగా ఊరుతుంటే, చిప్పతో తోడి, మళ్ళీ ఊరేదాకా మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చోవాలి. తొందర పడితే ఇసుక కలుస్తుంది. ఇంత నెమ్మదైన పని మళ్ళీ నా జీవితంలో నేను చెయ్యలేదు. అవ్వ ఆ సేపంతా ఊళ్ళో అందరి సంగతులూ చెప్పేది, నాకు జడ వేసేది, మధ్యలో ఒక చుక్క నాలుక మీద వేసుకుని చప్పరించేది. "నిన్నటి మాదిరే ఉండాయి" అంటే ఆ రోజు అంతా బాగున్నట్టే.

తక్కిన జ్ఞాపకాలన్నీ ఆ కడవ చుట్టూనే అల్లుకుని ఉన్నాయి. చైత్రంలో తాటిముంజలు బొటనవేలితో లాగి జుర్రుకోవడం, మాఘంలో తేగలు కాల్చుకుని తినడం, ఒడ్డున అలివివల లాగుతుంటే ఆడామగా పిల్లాజెల్లా అందరం తాడు పట్టుకోవడం, వల తెరవగానే కవళ్ళూ నెత్తళ్ళూ వెండి కుమ్మరించినట్టు తుళ్ళిపడడం. రాగిసంగటిలోకి పచ్చిమామిడికాయ వేసిన చేపల పులుసు, నిన్నటిదైతే ఇంకా మేలు. ఎండాకాలంలో ఇసుక మీద రావణాసురుడి మీసాలని ఒక ముళ్ళగడ్డి ఎండి బంతులుగా విడిపోయి గాలికి దొర్లేది. ఎవరి బంతి ముందు సముద్రంలో పడుతుందోనని పందెం వేసుకుని కాళ్ళు కాలుతున్నా వాటి వెంట పరిగెత్తేవాళ్ళం. మధ్యాహ్నాలు ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఏరు దాటి, దాని అవతలి పడవల కాలవ గట్టున పడి పోయి, ధాన్యమూ రాగులూ మార్చుకుని తిరిగి వచ్చేవాళ్ళు. ఆ గంపలో మాకోసం మరమరాల ఉండలు ఉండేవి. ఇదంతా చెబుతుంటే ఎంతో బాగున్నట్టు అనిపిస్తుంది. బాగానే ఉండేది. కానీ అప్పటికే మా ఊరికి పిల్లనిచ్చేవాళ్ళు కరువయ్యారు.

మా చిన్నాయన అవ్వకు కడగొట్టు కొడుకు. తెప్ప మీద ఎంత గట్టివాడో, మాటలో అంత మెత్తన. అతనికి సంబంధాలు వచ్చినట్టే వచ్చి తప్పిపోయేవి. బడి లేదు, బస్సు రాదు, బావి లేదు, ఇదీ మా ఊరికి పడ్డ పేరు. చివరికి బోగోలు దిక్కు నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్ళూ మావాళ్ళే, చేపలు పట్టుకునేవాళ్ళే. కాకపోతే వాళ్ళ ఊళ్ళో గిలకబావి ఉంది. పిల్ల తల్లి మా ఇల్లు చూసింది, చిన్నాయనను చూసింది, తల ఊపింది. నీళ్ళు ఎక్కడ తెచ్చుకుంటారని అడిగింది. అవ్వ గర్వంగా తన చెలమ దగ్గరికి తీసుకుపోయి తాటాకు ఎత్తి చూపించింది.

ఆవిడ వంగి చూసి, "ఏందిది వొదినా? మా పిల్ల కుక్క మాదిరి ఇసక తవ్వుకోని తాగాల్నా?" అంది.

ఆవిడకు మా కుక్క కథ తెలియదు. ఊళ్ళో ఎవరికైనా ఏదైనా చెప్పాలంటే అవ్వే చెప్పాలి, అట్లాంటి మనిషి ఆ రోజు చిప్ప చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. చిన్నాయన పక్కకు తిరిగి ఏటి వైపు చూస్తున్నాడు. పెళ్ళివారు పోయాక అవ్వ పొయ్యి వెలిగించలేదు. సాయంత్రం ఊరి పెద్దల్ని పిలిపించి, "బావి తవ్వించండి నాయనా. గంగమ్మకు నేను చెప్పుకుంటా" అంది. నేనూ అక్కడే ఉన్నాను. ఆ మాట అన్నది మా అవ్వేనా అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే మరి. అయినా నాకు ఆమె మీద కోపం లేదు. ఇసుకకూ ఉప్పుకూ వెయ్యి కట్టుబాట్లు పెట్టుకోవచ్చు, కడగొట్టు కొడుకు మొహం అట్లా ఉంటే ఏ తల్లి ఏ కట్టుబాటు చూస్తుంది?

సిమెంటు ఒరలు కాలవ మీద పడవలో వచ్చాయి. ఏరు దాటించి ఇసుకలో దొర్లించుకుంటూ తెచ్చారు. పల్లం నడిమధ్య పారలతో తవ్వుతూ, ఒర మీద ఒర దించుతూ పోయారు. మనిషి లోతు, ఇంకా లోతు. నీళ్ళు పొంగుకుని వచ్చాయి. తియ్యటి నీళ్ళే. ఊరంతా ఈలలు. తలల మీద బొక్కెనలు బొక్కెనలు కుమ్మరించుకుని స్నానాలు చేశాం. అంతకు ముందు తలంట్లకు తప్ప అన్ని నీళ్ళు ఒంటి మీద పోసుకున్న పాపాన పోలేదు. పెళ్ళికి దేశం నుంచి వచ్చిన చుట్టాలంతా కడుపారా తాగారు, చేతులారా పారబోశారు. వియ్యపురాలు గిలక లాగి చూసి సంతోషించింది. కోడలి చేత చెలమ తవ్వించే తతంగం ఈసారి చెయ్యలేదు. బావి ఉండగా ఎందుకన్నారు.

పిన్నమ్మ పేరు రమణమ్మ. నాకంటే ఎంతో పెద్దది కాదు. నాతో పాటు మీసాల బంతుల వెంట పరిగెత్తేది, అవ్వ చూస్తే కొంగు సర్దుకుని నిలబడేది. అట్లాంటి నవ్వుమొహం మా ఇంట్లో అడుగుపెట్టడం మాకు పండగే. ఆ ఎండాకాలం ముదిరేసరికి ఒక పొద్దున అవ్వ బావి నీళ్ళు నాలుక మీద వేసుకుని, చాలాసేపు చప్పరించి, ఉమ్మేసింది. ఇంకొన్నాళ్ళకు అందరి నాలుకలకూ తెలిసింది. పప్పు ఉడకడం మానింది. బావి సరే పోయిందనుకుంటే, దాని చుట్టూ ఉన్న చెలమలు కూడా ఒకటొకటే ఉప్పెక్కాయి. అడుగున పండుకుని ఉన్నవి లేచాయి.

ఇక ఊరు ఊరుకుంటుందా? బావి దగ్గర ఆడవాళ్ళు పిన్నమ్మ వచ్చేసరికి మాటలు ఆపేయడం మొదలుపెట్టారు. ఒకావిడ ఆపకుండానే, "దీని కాలు పడినాక గదా నీళ్ళు ఉప్పగిల్లింది. పుట్టింటికి పంపిస్తే సరిపోద్ది" అంది. పిన్నమ్మ ఖాళీ బిందెతో ఇంటికి వచ్చి మూల కూర్చుంది. అవ్వ ఆ బిందె తీసుకుని నేరుగా బావి దగ్గరికి పోయింది. వెనకే నేను.

"అది కాలు పెట్టక ముందే నేను నోరు జారినా. పార దించమనింది నేను. ఈ ఊరి నోట్లో ఉప్పు కొట్టింది నేను. అనాలంటే నన్ననండి. దాన్ని అనినారంటే మాత్రం బాగుండదు" అంది. మళ్ళీ ఎవరూ పిన్నమ్మను ఏమీ అనలేదు.

బావిని పూడ్చారు. తవ్వినప్పుడు ఈలలు వేసినవాళ్ళే గంపలతో ఇసుక మోసి పోశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అందరూ గంగమ్మకు మొక్కుకున్నారు. ఆ ఏడు వానలు కూడా మొహం చాటేశాయి. మగవాళ్ళు ఏరు దాటి పోయి కాలవ అవతలి ఊరి నుంచి పడవలో కడవలు తెచ్చేవాళ్ళు. వేటకు పోవాలా, నీళ్ళకు పోవాలా? అలసిపోయారు. ఒక కుటుంబం కాలవ అవతల రోడ్డు పక్కన గుడిసె వేసుకుంది. దాని వెనక రెండోది, దాని వెనక తక్కినవి. ఎవరూ ఊరు వదిలేస్తున్నామని అనలేదు, ఎండాకాలం గడిచేదాకా అన్నారు. అందరికంటే ఆఖరున మేం వచ్చేశాం. కుక్కలు కొన్ని పడవ ఎక్కాయి, కొన్ని ఎక్కలేదు.

కొత్త చోట బడి ఉంది. రాతితో కట్టిన పెద్ద బావి ఉంది. బస్సు ఆగుతుంది. అవ్వ మాత్రం ఆ బావి నీళ్ళు ప్రతిసారీ నాలుక మీద వేసుకుని, "రాతినీళ్ళు" అని మొహం చిట్లించి, విధిలేక మింగేది. ఏటా కార్తీకం వానలు వెలిశాక చిన్నాయన చేత పడవ కట్టించుకుని, పిన్నమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని తిప్ప మీదికి పోయేది. గుడిసెలు కూలి రాటలు మిగిలాయి. పల్లంలో మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో చెలమ తవ్వేది. మొదటి ఏడు ఉమ్మేసింది. తరువాతి ఏడూ ఉమ్మేసింది. మరో రెండేళ్ళు వానలు బాగా పడ్డాయి. ఆ మీదటి కార్తీకంలో పోయినప్పుడు తవ్వడం తన చేత కాక పిన్నమ్మను తవ్వమంది. పెళ్ళినాడు తవ్వని చెలమ పిన్నమ్మ ఆ రోజు తవ్వింది. అవ్వ చిప్పతో ముంచుకుని నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికీ తెరవలేదు.

"వొచ్చినాయిమే" అంది. "తియ్యంగుండాయి."

మేం ముగ్గురం ఏడ్చాం, నవ్వాం. చిన్నాయన దూరంగా పడవ దగ్గర నిలబడ్డవాడు ఏమైందోనని పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఊరేదాకా ఆగి, ఆగి, ఒక కడవ నింపింది అవ్వ. పైన తాటాకు కట్టి, ఎవరు అడిగినా ఇవ్వకుండా తనే నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి అందరికీ తలా ఒక చిప్పెడు పోసింది. అందరూ తాగారు. "అబ్బ, పాల మాదిరుండాయి గదవ్వా" అన్నారు. ఒక ముసలాయన కళ్ళకద్దుకుని తాగాడు. ఎప్పుడు పోదామని అవ్వ అడిగింది. పిల్లల పరీక్షలు కానీమన్నారు ఒకరు. కోడలికి నెలలు నిండాయన్నారు ఇంకొకరు. చూద్దాంలే అన్నారు తక్కినవాళ్ళు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. ఎవరూ కదల్లేదు.

ఇంటికి వచ్చాక పిన్నమ్మ, "నేను వొస్తానత్తా. మనింటోళ్ళమే పోదాం" అంది. అప్పటికి ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు పలక మీద అక్షరాలు దిద్దుకుంటున్నాడు. అవ్వ వాడి వైపు చూసింది.

"వొద్దులేమే. పిలకాయలు బడికి పోతుండారు" అంది.

తరువాత లేచి, బిందెలోని బావి నీళ్ళు చెంబుతో ముంచుకుని గటగటా తాగింది. నాలుక మీద వేసుకుని చూడలేదు. ఆ తరువాత బతికిన ఏళ్ళలో ఏ నీళ్ళనూ రుచి చూసి తాగడం నేను చూడలేదు.

ఇప్పుడు తిప్ప అంతా రొయ్యల గుంటలు. సముద్రపు నీళ్ళను మోటార్లు పెట్టి పైకి తోడి ఇసుక మీదే నిలబెట్టారు. పల్లం ఏదో, కొటారు ఏదో, ఎవరూ చూపించలేరు. పిన్నమ్మ మైపాడులో కూతురి దగ్గర ఉంటోంది. నిన్న ఫోను చేసి ఎదురింటి ఇసుక వాసన సంగతి చెప్పాను. "మాకిక్కడ క్యాను నీళ్ళేమే" అంది. మాకూ అంతే అన్నాను.

ఇవాళ మధ్యాహ్నం పనివాళ్ళు అన్నానికి పోయినప్పుడు గేటు తీసుకుని బయటికి వెళ్ళాను. వీధిలో ఎవరూ లేరు. మోకాళ్ళు నొప్పి పుడుతున్నా ఆ కుప్ప పక్కన కూర్చుని చేత్తో తవ్వాను. పైన వేడిగా ఉన్నా లోపల ఇసుక చల్లగా, తడిగా ఉంది. మోచెయ్యి దాకా పోయేసరికి వేళ్ళకు సిమెంటు రోడ్డు తగిలింది. చెయ్యి బయటికి తీసి లేచాను. చెలమను తెరిచిపెట్టి రాకూడదు కదా, తాటాకు కోసం చుట్టూ చూశాను. ఒక ఖాళీ సిమెంటు సంచి కనిపిస్తే అదే కప్పి వచ్చాను.